గజేంద్ర మోక్షం కలంకారీ: పదకొండు వారాల పని

నిన్న పొద్దుటితో నా కలంకారీ గుడ్డ మీద ఎనిమిది చిన్న గడుల్లోనూ పసుపు రంగు పూర్తయింది. ఇక తామరాకులకి, మధ్య గడిలో విష్ణుమూర్తి ఒంటికి, కింద మడుగుకి నీలం వేస్తే చాలు. గుడ్డ మీటరున్నర పొడవు, మీటరు వెడల్పు. మధ్యలో పెద్ద గడి, చుట్టూ ఎనిమిది చిన్న గడులు, ఒక్కో గడి కింద కథ చెప్పే ఒక వరుస తెలుగు అక్షరాలు, అన్నిటినీ చుట్టి లతల అంచు. కలంతో చేత్తో గీసే శ్రీకాళహస్తి పద్ధతిలో ఇంత పెద్దది నేను చేయడం ఇది రెండోసారి. మొదటిది పాడైంది. ఎందుకు పాడైందో ముందు చెప్పాలి, ఎందుకంటే ఈసారి పనిని పంచుకున్న తీరంతా దాన్నుంచి వచ్చిందే.

నాది బ్యాంకు ఉద్యోగం. పొద్దున ఐదుంపావు నుంచి ఆరు దాకా, ఆదివారాలు ఇంకాస్త, అంతే నాకు దొరికే సమయం. పోయిన ఏడాది అదే బొమ్మ మొదలుపెట్టినప్పుడు పనిని గడుల వారీగా విడగొట్టాను. మొదటి మూడు గడులు పూర్తిగా, అంటే నల్ల గీతలు, ఎరుపు పట్టడానికి పటిక నీళ్ళు, గుడ్డను ఎర్ర రంగు నీళ్ళలో ఉడకబెట్టడం దాకా చేసి, తర్వాత నాలుగో గడికి వెళ్ళాలని నా ఆలోచన. పుస్తకంలో పేజీ తర్వాత పేజీ లాగా. మూడు గడులు చాలా బాగా వచ్చాయి. నాలుగో గడిలో ఏనుగు వీపు గీయబోతే గీత నల్లగా రాలేదు. బూడిద రంగులో వచ్చి, గుడ్డలోకి పాకి, వెంట్రుకలు లేచినట్టు అంచులు చెదిరిపోయాయి.

కారణం తర్వాత గురువుగారు చెప్పారు. గుడ్డను ముందే కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానబెడతాం. కరక్కాయలోని వగరు, సిరాలోని ఇనుము కలిస్తేనే నలుపు పుడుతుంది. పాలలోని వెన్న సిరాను పాకనివ్వదు. ఎరుపు కోసం గుడ్డను ఉడకబెట్టి, ఉతికేసరికి వగరూ పోయింది, వెన్నా పోయింది. "గడి పూర్తి చేయడం కాదమ్మా, రంగు పూర్తి చేయాలి. గుడ్డంతా ఒకటే కదా ఉడికేది," అన్నారు. పైగా మిగిలిన గడుల కోసం మళ్ళీ ఉడకబెడితే ఆ మొదటి మూడింటి ఎరుపు ముదిరిపోతుంది, తెల్లగా ఉండాల్సిన నేల, అంటే బొమ్మల వెనక ఖాళీ గుడ్డ కూడా గులాబీ రంగు పట్టేస్తుంది. ఆ గుడ్డను మడిచి బీరువాలో పెట్టేశాను.

కృష్ణా జిల్లా పెడనలో అచ్చులతో కలంకారీ అద్దే వాళ్ళ పనిలో ఈ చిక్కు రాదు. అక్కడ గీతకు ఒక అచ్చు, రంగుకు ఒక అచ్చు వేరుగా ఉంటాయి కాబట్టి పని తనంతట తనే రంగుల వారీగా విడిపోతుంది. కలంతో గీసే మాకు ఆ విభజన చేతికి కనపడదు, మనసులో పెట్టుకోవాలి. నేను అది పెట్టుకోలేదు.

ఈసారి మొదలుపెట్టే ముందు పాత క్యాలెండరు కాగితం వెనక మొత్తం పని రాసి, ప్రతి దాని పక్కనా మూడు ప్రశ్నలు వేసుకున్నాను. ఇక్కడ ఆపి వారం తర్వాత వస్తే గుడ్డ పాడవుతుందా? దీనికి ఎండ కావాలా? దీనికి రెండో మనిషి కావాలా? ఈ మూడింటికీ జవాబు రాశాక ఏ పనిని ముక్కలు చేయొచ్చో, దేన్ని ఒక్క రోజులో ముగించక తప్పదో తేలిపోయింది. నల్ల గీతలు నెల పట్టినా గుడ్డ ఏమీ అనదు. పాలలో ముంచడం అలా కాదు. ముంచిన రోజే కరకరలాడేలా ఎండకపోతే వాసన పట్టి చీమలు చేరతాయి.

జనవరి 4

అన్నిటికన్నా ముందు సిరా వేశాను. వాడేది మూడు వారాల తర్వాత, అయినా పులియడానికే అన్ని రోజులు పడుతుంది. పావు కిలో తుప్పు మేకులు, పాత గుర్రపు నాడా ఒకటి నిప్పుల్లో కాల్చి కడిగి మట్టి కుండలో వేశాను. రెండు లీటర్ల నీళ్ళు, 50 గ్రాముల బెల్లం. మూతికి గుడ్డ కట్టి వరండా మూల పెట్టి, రోజూ కర్రతో ఒకసారి తిప్పాను. ఐదో రోజుకి పైన నురగ, పులిసిన వాసన.

పోయినసారి సిరా అయ్యేదాకా రెండు వారాలు చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆ ఖాళీలో ఉత్సాహం సగం చల్లారింది. అందుకే ఈసారి ఎదురుచూడాల్సిన పనులను ముందు మొదలుపెట్టి, ఆ రోజుల్లో చేతి పనులు సర్దుకున్నాను.

జనవరి 11

కోరా గుడ్డ రాత్రంతా నానబెట్టి, గంజి పోయేదాకా నాలుగు నీళ్ళలో ఉతికాను. అడుగు మేర అదనంగా కొన్నాను. ఆ అడుగు ముక్క వేరు చేశాను, అది నమూనా గుడ్డ. పాలు, నలుపు, పటిక, పసుపు, ఏది చేసినా ముందు దాని మీద చేసి చూడాలి. ఈ ముక్క కోసం పెట్టిన 40 రూపాయలు మొత్తం పనిలో నేను పెట్టిన అతి మంచి ఖర్చు.

సంక్రాంతి సెలవులు

చెల్లి ఊరి నుంచి వచ్చింది కాబట్టి పాల పని ఆ రోజుల్లోకి పెట్టుకున్నాను. లీటరు గేదె పాలు, 100 గ్రాముల కరక్కాయ పొడి. గుడ్డను పావుగంట ముంచి, చెరో కొసా పట్టుకుని పిండాం. తడిస్తే ఎంత బరువెక్కుతుందో చూసి, "ఒక్కదానివే ఎట్లా ఎత్తేదానివి మే?" అంది అమ్మ. మేడ మీద పరిచి, గంటకోసారి తిప్పాం. మూడు గంటలకల్లా లేత పసుపు పచ్చగా, అప్పడంలా బిగుసుకుంది.

తర్వాతి వారమంతా చింత బొగ్గుతో స్కెచ్. చింత పుల్లలు కాల్చిన ఆ బొగ్గు గీత చేత్తో దులిపితే పోతుంది, అందుకే భయం లేకుండా గీయొచ్చు. పొద్దునకు ఒకటి రెండు గడులు.

జనవరి 25

సిరా వడకట్టాను. నమూనా గుడ్డ మీద గీసినప్పుడు గీత టీ రంగులో, లేతగా పడింది. గుండె గుబేలుమంది. కానీ కళ్ళ ముందే, పది లెక్కపెట్టేలోపు, గీత మొదలు నుంచి చివరకు నలుపు పాకుతూ వచ్చింది. వగరు, ఇనుము కలవడం అంటే ఇదీ. ఇది చూడ్డం కోసమైనా ఎవరైనా ఒక చిన్న గుడ్డ మీద ప్రయత్నించాలి.

కలాలు రెండు చేసుకున్నాను. వెదురు పుల్ల కొస సన్నగా చెక్కి, కొసకు అంగుళం పైన ఉన్ని చుట్టి, దాని మీద నూలు దారం బిగించి కట్టాలి. సిరాలో ముంచితే ఉన్ని పీల్చుకుంటుంది. గీసేటప్పుడు వేళ్ళతో నొక్కితే కొసకు దిగుతుంది. దారం వదులైతే చుక్కలు రాలతాయి, బిగుసుకుంటే గీత తెగుతుంది.

జనవరి 26 నుంచి ఫిబ్రవరి 27

నల్ల గీతలు. నా సమయంలో ఎక్కువ భాగం తిన్నది ఇదే, కాబట్టి దీన్ని కొంచెం వివరంగా రాస్తాను.

ముందు ప్రతి రకం పనికి ఎంత సమయం పడుతుందో నమూనా గుడ్డ మీద గడియారం పెట్టుకుని కొలిచాను. చిన్న గడికి రెండు పొద్దులు: ఒకటి బొమ్మల బయటి గీతలకు, రెండోది నగలు, తామరలు, కింద అక్షరాలకు. మొత్తం పదహారు. మధ్య గడికి ఐదు. ఇవి నేను అనుకున్నట్టే వచ్చాయి. నేను లెక్కలోకి తీసుకోనిది అంచు. చూడ్డానికి ఒకే లత మళ్ళీ మళ్ళీ వస్తుంది కదా, తేలికే అనుకుంటాం. జానెడు అంచుకు ఇరవై నిమిషాలు పట్టింది. చుట్టూ ఐదు మీటర్లు, అంటే దాదాపు ఇరవై మూడు జానలు. ఏడున్నర గంటలకు పైనే. ముందుగా కొలవకపోతే "ఒక ఆదివారం కూర్చుంటే అయిపోతుంది" అనుకుని, ఆ ఆదివారం రాత్రి మెడ పట్టేసి ఏడ్చేదాన్ని.

అందుకని అంచును రోజుకు రెండు జానలకు కట్టేశాను. పన్నెండు పొద్దులు. ముందు రోజే చెయ్యి చాచి, రెండు జానలు ఎక్కడికి వస్తాయో అక్కడ బొగ్గుతో చిన్న గుర్తు పెట్టేదాన్ని. పొద్దున లేచి లైటు వేసేసరికి ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో గుడ్డ మీదే ఉండేది. ఆలోచించాల్సిన పని లేదు. నిద్ర మత్తు పూర్తిగా వదలకముందే చెయ్యి పని మొదలుపెట్టేది.

ఆపే చోటు గురించి ఒక మాట. కొలత కుదిరింది కదా అని గీత మధ్యలో ఆపకూడదు. మూడో గడిలో ఏనుగు వీపు సగంలో ఆపి, మర్నాడు కలిపాను. ఆ అతుకు ఇప్పటికీ కనిపిస్తోంది, సరిగ్గా మూపు దగ్గర, గీత ఒక్కసారిగా లావై మళ్ళీ సన్నబడుతుంది. సిరా చిక్కదనం రాత్రికి రాత్రి మారుతుంది, మన చేతి ఒరవడి కూడా మారుతుంది. ఆ తర్వాత నుంచి వీపు, తొండం, మొసలి తోక లాంటి పొడుగు గీతలు పొద్దున మొదట్లోనే, కలం నిండుగా ముంచి, ఒక్క ఊపిరిలో లాగేశాను. పొలుసులు, ఆకుల ఈనెలు, తామర రేకులు చివరికి ఉంచుకున్నాను. అవి ఎక్కడ ఆపినా ఫరవాలేదు.

అక్షరాల విషయంలో ఇంకో తేడా. వెదురు కలంతో గుండ్రటి అక్షరం రాసేటప్పుడు సున్నా కిందికి తిరిగే చోట సిరా పోగవుతుంది. తలకట్టు ముందు పెట్టి, తర్వాత గుండ్రం రాస్తే చెయ్యి ఎక్కడ ఆగాలో తెలుస్తోంది. ఎనిమిది గడుల అక్షరాలూ ఒకే రకంగా రావాలని వాటిని విడిగా, వరసగా రెండు పొద్దుల్లో రాద్దామా అనుకున్నాను. కానీ తడి గీత మీద ముంజెయ్యి ఆనుతుందని భయపడి గడితో పాటే రాశాను. ఎనిమిదో గడి అక్షరాలు మొదటి గడి కన్నా చక్కగా ఉన్నాయి. దగ్గరగా చూసేవాళ్ళకు తెలుస్తుంది.

నాలుగు రోజులు పని కుదరలేదు. నాలుగు ఆదివారాలు రెండేసి పొద్దుల పని చేసి కలిపేశాను.

మార్చి 2 నుంచి 5

పటిక. లీటరు నీళ్ళకు 100 గ్రాములు. ఎరుపు రావాల్సిన చోటల్లా వేయాలి: గరుత్మంతుడి రెక్కలు, నేలలో కొంత, అంచులో పూలు. చిక్కు ఏమిటంటే ఆరాక ఎక్కడ వేశామో కంటికి కనపడదు. అందుకే ముందే గుడ్డ ఫోటో తీసి జిరాక్స్ వేయించుకున్నాను. వేసిన చోటల్లా కాగితం మీద ఎర్ర పెన్సిలుతో నింపుకుంటూ పోయాను. ఏ పొద్దున ఏ గడి దగ్గర ఆపానో కాగితం చెప్పేది.

మార్చి 8

ఈ రోజు పని ముక్కలు కాదు. ఉతకడం, ఉడకబెట్టడం, మళ్ళీ ఉతకడం, అన్నీ సూర్యుడు ఉండగానే ముగియాలి. అందుకే శనివారమే పెళ్ళి వంటలకు సామాన్లిచ్చే వాళ్ళ దగ్గర అల్యూమినియం డేగిసా అద్దెకు తెచ్చాను. ఇనుప పాత్ర అయితే ఎరుపు నల్లబడుతుంది. కట్టెలు, రెండు కర్రలు, ఎర్ర రంగునిచ్చే మంజిష్ఠ వేరు పొడి, అన్నీ రాత్రే పెరట్లో పెట్టేశాను.

పొద్దున పైపు పెట్టి, పారే నీళ్ళలో గుడ్డను జాడించాం. శ్రీకాళహస్తిలో దీనికి స్వర్ణముఖి నది ఉంది. నిలవ నీళ్ళలో ముంచితే వదిలిన పటిక పక్కకు అంటుకుని, వద్దన్న చోట ఎరుపు వస్తుంది. తర్వాత గోరువెచ్చని మంజిష్ఠ నీళ్ళలో వేసి, మంట మెల్లగా పెంచుతూ అమ్మా నేనూ కర్రలతో తిప్పుతూనే ఉన్నాం. ఒక్క నిమిషం ఆపినా మడతల్లో రంగు సమంగా పట్టదు. ఇరవై నిమిషాల దాకా అంతా ఒకే మురికి రంగు. తర్వాత కర్రతో ఒక మడత పైకి లేపితే, అప్పటిదాకా ఖాళీగా ఉన్న చోట గరుత్మంతుడి రెక్క ఎర్రగా కనిపించింది. "వచ్చినాడు చూడు," అంది అమ్మ.

మార్చి 14

రెండోసారి పాలు, మిగతా రంగులు పాకకుండా. అరపూటలో అయిపోయింది.

మార్చి 15 నుంచి 21

పసుపు. కరక్కాయ పువ్వు పటికతో మరిగించిన నీళ్ళు. గడికి ఒక పొద్దున లెక్కన వేశాను, ఉగాది పొద్దున మాత్రం రెండు గడులు. గడుల వారీ లెక్క ఇక్కడ సరిగ్గా పనిచేసింది, ఎందుకంటే ఈ రంగు కలంతోనే వేస్తాం, గుడ్డంతా ముంచక్కర్లేదు. ఆకుపచ్చ రావాల్సిన తామరాకులకు కూడా ముందు పసుపే వేశాను. దాని మీద నీలం పడితే ఆకుపచ్చ అవుతుంది.

మార్చి 22

నీలిమందు ఇంట్లో తయారు చేయడం నాకు ఇంకా రాదు. అది వేరే చదువు, దాన్ని ఈ పనిలో కలపకూడదని మొదట్లోనే నిర్ణయించుకున్నాను. గురువుగారు తయారుచేసినది చిన్న సీసాలో ఇస్తానన్నారు. వచ్చే ఆదివారం కాళహస్తి వెళ్ళి తెచ్చుకోవాలి. నమూనా గుడ్డ మీద ఇంకా బెత్తెడు ఖాళీ ఉంది, నీలం ముందు అక్కడ వేసి చూస్తాను. ఆ తర్వాత తామరాకులకు రెండు పొద్దులు, మడుగుకి రెండు, విష్ణుమూర్తికి ఒకటి.