నాలుగు నోడ్ల క్లస్టర్, ఒకటే ప్రాంప్ట్: నా అనుభవం

ఒరాకిల్ ర్యాక్ (ఆర్ఏసీ, ఒకే డేటాబేస్‌ని కొన్ని సర్వర్లు కలిసి నడిపే ఏర్పాటు) క్లస్టర్‌లో ఒక నోడ్, అంటే ఒక సర్వర్, ఉన్నట్టుండి రీబూట్ అయితే అందరూ అడిగేది ఒక్కటే, ఎందుకు అని. జవాబు మాత్రం ఒకచోట దొరకదు. డేటాబేస్ అలర్ట్ లాగ్ ఒక దగ్గర, డిస్కులు చూసుకునే ఏఎస్ఎం లాగ్ ఇంకో దగ్గర, నోడ్లను కలిపి ఉంచే క్లస్టర్‌వేర్ ట్రేస్‌లు మరో దగ్గర, ఆపరేటింగ్ సిస్టమ్ మెసేజ్‌లు పూర్తిగా వేరే దారిలో. ఇదంతా నాలుగు నోడ్లలోనూ చూడాలి. పైగా 12.1.0.2 వెర్షన్ నుంచి క్లస్టర్‌వేర్ ట్రేస్‌లు గ్రిడ్ హోమ్ (క్లస్టర్‌వేర్ ఇన్‌స్టాల్ అయి ఉండే డైరెక్టరీ) వదిలేసి ఒరాకిల్ బేస్ కింద డయాగ్ డైరెక్టరీకి మారాయి కాబట్టి, పాత అలవాటుతో పాత చోటే వెతికితే టైమ్ వేస్ట్. నేను చాలాకాలం నాలుగు టెర్మినల్ విండోలు పక్కపక్కన తెరిచి, గ్రెప్ కొట్టి, దొరికిన లైన్లను టైమ్ వరసలో ఒక ఫైల్లో అతికించుకునేదాన్ని.

ఆ పని మానేయాలనే అటానమస్ హెల్త్ ఫ్రేమ్‌వర్క్, అంటే మేం ఏహెచ్ఎఫ్ అనుకునేది, పెట్టించాను. లాగ్‌లు సేకరించే ట్రేస్ ఫైల్ అనలైజర్ (టీఎఫ్ఏ), సెట్టింగులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే ఒరాచెక్, సర్వర్ పనితీరు రాసుకునే ఓఎస్ వాచర్, డేటాబేస్ పనితీరు అప్పటికప్పుడు చూపే ఒరాటాప్ లాంటివన్నీ ఇందులోనే ఉంటాయి. టీఎఫ్ఏసీటీఎల్ అనే ఒక్క కమాండ్‌తో వీటన్నిటినీ నడపొచ్చు. ఆ పేరు ఒక్కటే కొట్టి ఎంటర్ నొక్కితే దాని సొంత ప్రాంప్ట్ వస్తుంది.

ఇన్‌స్టాల్ చేయడం కన్నా, దానికి రూట్ (సర్వర్ మీద సర్వాధికారాలూ ఉన్న యూజర్) పర్మిషన్ తెచ్చుకోవడమే పెద్ద పని. మా సిస్టమ్స్ టీమ్‌కి రూట్ అనే మాట చెవిన పడితే చాలు, మెయిల్స్ మొదలవుతాయి. "ఒరాకిల్ యూజర్‌తోనే పెట్టుకోండి మేడమ్, అది కూడా పనిచేస్తుందిగా" అన్నారు. పనిచేస్తుంది, కానీ సగమే. రూట్ లేకుండా పెడితే వేరే నోడ్ల నుంచి ఫైళ్ళు తేలేదు, సమస్య వచ్చినప్పుడు తనంతట తాను ఫైళ్ళు సేకరించి పెట్టలేదు, సిస్టమ్ మెసేజ్ ఫైల్ చదవలేదు. మాకు కావలసినవి సరిగ్గా ఆ మూడే. చివరికి కుదిరిన ఒప్పందం ఏమిటంటే, ఇన్‌స్టాల్ వాళ్ళు రూట్‌తో చేస్తారు, రోజూ వాడటానికి మా యూజర్‌ని యాక్సెస్ లిస్టులో చేరుస్తారు. ఈ మాట మొదటి మెయిల్లోనే రాసి ఉంటే వాళ్ళు ఇంత సాగదీసేవాళ్ళు కాదేమో.

ఇన్‌స్టాల్ అయ్యాక ప్రింట్ స్టేటస్ కొడితే ఒక్క నోడే కనబడింది. నోడ్ల మధ్య టీఎఫ్ఏ వాడే పోర్ట్, మా దగ్గర 5000, ఫైర్‌వాల్‌లో మూసి ఉంది. అది తెరిపించి, సింక్‌నోడ్స్ కమాండ్‌తో సర్టిఫికెట్లు అన్ని నోడ్లకీ పంపాక నాలుగు వరసలూ రన్నింగ్ అని వచ్చాయి.

ఆ తర్వాత టూల్‌స్టేటస్ చూడాలి. చాలామంది ఈ మెట్టు దాటేస్తారు, నా దృష్టిలో అసలు మెట్టు ఇదే. ఏ నోడ్‌లో ఏ టూల్ ఉందో, అది నడుస్తోందో లేదో పట్టికలా చూపిస్తుంది. డిప్లాయ్డ్ అంటే పెట్టి ఉంది, అవసరమైనప్పుడు పిలవొచ్చు అని అర్థం. ఒరాచెక్ అలా ఉంటే సరిపోతుంది. ఓఎస్ వాచర్ మాత్రం రన్నింగ్‌లో ఉండి తీరాలి, ఎందుకంటే జరిగిపోయినదాన్ని అది తర్వాత తెచ్చివ్వలేదు. మా దగ్గర మూడో నోడ్‌లో అది ఆగిపోయి ఉంది. స్టార్ట్ చేస్తూ ఇంకో మార్పు కూడా చేశాను. మామూలుగా అది 30 సెకన్లకొకసారి టాప్, వీఎంస్టాట్, ఐఓస్టాట్, నెట్‌స్టాట్ లాంటివాటి ఫలితాలు రాసుకుని, 48 గంటల డేటా ఉంచుతుంది. శుక్రవారం రాత్రి ఏదైనా జరిగి, సోమవారం ఉదయం ఎవరైనా అడిగితే ఆ 48 గంటలు దాటిపోయి ఉంటాయి. అందుకే వారం రోజులకు పెంచాను. డిస్క్ కొంచెం తింటుంది, తిననీ.

టీఎఫ్ఏ సేకరించినవి దాచుకునే రిపాజిటరీ సైజు కూడా అప్పుడే చూసుకోవాలి. అది నిండినా, ఆ డిస్క్‌లో ఖాళీ ఒక జీబీ కన్నా తగ్గినా క్లోజ్డ్ అయిపోతుంది, ఇక కొత్తగా ఏదీ చేరదు. మాది వేరే మౌంట్‌కి మార్చి, పాత ట్రేస్‌లకు మేనేజ్‌లాగ్స్‌తో పర్జ్ పెట్టాం. ముందు డ్రైరన్ చేసి ఏవి పోతాయో చూసుకున్నాకే.

అసలు పరీక్ష ఒక అర్ధరాత్రి వచ్చింది. మూడో నోడ్ క్లస్టర్ నుంచి ఎవిక్ట్ అయింది, అంటే బయటికి తీసేయబడింది. నేను లాగిన్ అయ్యేసరికి టీఎఫ్ఏ తనే ఒక కలెక్షన్ చేసి పెట్టింది. అయితే అది ఆ సంఘటన చుట్టూ కొద్ది సమయానిదే. నాకు అంతకు ముందు గంటలు కూడా కావాలి. ఫ్రమ్, టు టైమ్ ఇచ్చి, ఫైళ్ళు సేకరించే డయాగ్‌కలెక్ట్ కమాండ్ కొట్టాను. నాలుగు నోడ్ల జిప్‌లూ నేనున్న నోడ్‌కే వచ్చాయి. పెద్ద ట్రేస్ ఫైళ్ళను నేనడిగిన సమయం మేరకు కత్తిరించి తెస్తుంది కాబట్టి మోయలేనంత బరువు కూడా లేదు.

ముందు క్లస్టర్ అలర్ట్ లాగ్. మొదటి నోడ్‌లో సీఆర్ఎస్-1612 అనే మెసేజ్ ఉంది. మూడో నోడ్‌తో నెట్‌వర్క్ సంబంధం టైమౌట్‌లో 50 శాతం సేపు తెగిపోయింది, 14 సెకన్ల పైచిలుకులో తీసేస్తాం అని. తర్వాత 1611, 75 శాతం. ఆపైన 1610, 90 శాతం, ఇక మిగిలింది రెండు సెకన్ల చిల్లర. ఈ టైమౌట్‌నే మిస్‌కౌంట్ అంటారు, దాని డీఫాల్ట్ 30 సెకన్లు కాబట్టి లెక్క సరిపోయింది. మూడో నోడ్ వైపు లాగ్‌లో 1609. మిగతావాళ్ళతో మాట్లాడలేకపోతున్నాను, క్లస్టర్ దెబ్బతినకుండా నేనే దిగిపోతున్నాను అని.

సర్వర్ స్తంభించినా హార్ట్‌బీట్ (బతికే ఉన్నామని నోడ్లు ఒకదానికొకటి పంపుకునే సంకేతం) ఆగుతుంది, కేబుల్ పాడైనా ఆగుతుంది. లాగ్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేల్చాల్సింది ఓఎస్ వాచరే. దానికీ ఒక ఇబ్బంది ఉంది. అది రాసేది 30 సెకన్లకొకసారి, టైమౌట్ కూడా 30 సెకన్లే. అంటే అసలు సంఘటన జరుగుతున్నప్పుడు మనకు దొరికేది మహా అయితే ఒకట్రెండు నమూనాలు. అందుకే ఆ నిమిషాన్ని పట్టుకుని వేలాడకుండా సాయంత్రం నుంచి చూసుకుంటూ వచ్చాను. వీఎంస్టాట్‌లో రన్ క్యూ (సీపీయూ కోసం ఎదురుచూసే పనుల వరస) మామూలుగానే ఉంది, స్వాప్ లేదు, నమూనాల మధ్య ఖాళీలూ లేవు. సర్వర్ ప్రాణంతోనే ఉంది. ఇంటర్‌ఫేస్ గణాంకాల్లో మాత్రం మూడో నోడ్ ప్రైవేట్ ఇంటర్‌ఫేస్‌లో, అంటే నోడ్లు తమలో తాము మాట్లాడుకునే నెట్‌వర్క్ వైపు, రిసీవ్ ఎర్రర్లు సాయంత్రం నుంచే పెరుగుతున్నాయి. మొదట్లో అప్పుడప్పుడు ఒకటీ అరా, రాత్రికి ప్రతి నమూనాలోనూ. మిగతా మూడు నోడ్లలో అదే కౌంటర్ కదల్లేదు.

నెట్‌వర్క్ టీమ్‌కి ఫోన్ చేస్తే, "మా వైపు అంతా గ్రీన్‌గానే ఉందండీ" అన్నారు. అది అబద్ధమేం కాదు, పోర్ట్ అప్‌లోనే ఉంది. నాలుగు నోడ్ల కౌంటర్లూ టైమ్ వరసలో పక్కపక్కన పెట్టి పంపాను. ఆపైన వాదన జరగలేదు. స్విచ్‌లో ఆ పోర్ట్ చూస్తే అక్కడా సీఆర్‌సీ ఎర్రర్లు, అంటే డేటా దారిలో పాడవుతోందని. ఆప్టికల్ మాడ్యూల్, కేబుల్ రెండూ మార్చారు. ఏది పాడైందో విడిగా పరీక్షించలేదు, అంత తీరిక ఎవరికీ లేదు.

ఆ రాత్రి అనలైజ్ కమాండ్ కూడా వాడాను. అలర్ట్ లాగ్‌లు, సిస్టమ్ లాగ్‌లు చదివి ఎర్రర్లను ఎక్కువసార్లు వచ్చినదాన్ని బట్టి లెక్కేసి ఇస్తుంది. మొదటి చూపుకు మంచిదే, కానీ ఎక్కువసార్లు వచ్చినదే ముఖ్యమైనదనుకుంటే మోసపోతాం. ఎవిక్షన్ మెసేజ్ వచ్చేది ఒక్కసారే కదా. ఓఆర్ఏ-600 లాంటి డేటాబేస్ అంతర్గత ఎర్రర్లకైతే ఎస్ఆర్‌డీసీ ఆప్షన్ నిజంగా ప్రాణం నిలబెడుతుంది. ఒరాకిల్ సపోర్ట్ వాళ్ళు ఒక్కొక్కటిగా అడగబోయే ఫైళ్ళన్నీ ముందే కట్టగట్టి ఇస్తుంది.

ఒరాచెక్ సంగతి ఇంకా తేలలేదు. దాని హెచ్‌టీఎంఎల్ రిపోర్టులో పైన 100కి ఇంత అని హెల్త్ స్కోర్ వస్తుంది, మేనేజర్లకు అది తెగ నచ్చింది, ప్రతి మీటింగ్‌లో అదే అడుగుతున్నారు. నేను స్కోర్ పక్కన పెట్టి ఫెయిల్ అని వచ్చినవి మాత్రం ఒక్కొక్కటిగా చూస్తున్నాను. ప్రస్తుతం కెర్నల్ పారామీటర్ల దగ్గర ఉన్నాను, వాటికి మళ్ళీ రూట్ కావాలి.