మైకు తీసేసి చాప వేశాం

మా చర్చిలో ఆదివారం ఆరాధనకి నూట ఇరవై మంది దాకా వస్తారు, బుధవారం సాయంత్రం ప్రార్థనకి వచ్చేది పన్నెండు మంది, అందులో నోరు తెరిచేది ముగ్గురు, ఆ ముగ్గురిలో ఒకరు అయ్యగారే, అంటే మా పాస్టరు గారు. పోయినేడాది కమిటీలోకి కొత్తగా వచ్చానని "అందరూ పాల్గొనేలా ఏదైనా చెయ్యమ్మా" అని ఆ పని నా మెడకి తగిలించారు. సరే అన్నాను, అదెంత పని అనుకున్నాను కూడా.

మావాళ్ళకి నలుగురిలో మాట్లాడటం రాదు అని ఒకటి అంటుంటారు కదా, అది నేనస్సలు ఒప్పుకోను. కోతపండుగ రోజు చర్చికి తెచ్చిన కానుకలకి పెట్టే వేలంపాట చూడండి. గుమ్మడికాయ, నాటుకోడి, అరటిగెల, ఆఖరికి ఒక్క కోడిగుడ్డు, ఏది పెట్టినా సరే, ఏడాదంతా వెనక బెంచీలో తల దించుకుని కూర్చునే మనిషే "అయిదొందలు!" అని గొంతు చించుకుంటాడు, పక్కవాడు ఇంకో యాభై కలిపితే ఇద్దరి మధ్యా జోకులు, నవ్వులు. అంటే గొంతుంది, ధైర్యమూ ఉంది, మరి బుధవారం ఏమవుతుంది అని నాకు అదే తిరిగేది బుర్రలో.

మొదట నేను చేసింది అందరూ చేసేదే. వాక్యం అయ్యాక మైకు తీసుకుని "ఎవరైనా సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే ముందుకి రండి" అన్నాను, సాక్ష్యం అంటే దేవుడు తమకి చేసిన మేలు నలుగురిలో చెప్పడం. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు, ఒక నిమిషం, రెండు నిమిషాలు, ఎవరో దగ్గారు, ఇక అయ్యగారే జాలిపడి మైకు తీసుకుని ఇంకో ఇరవై నిమిషాలు చెప్పారు. మూడు వారాలు ఇదే తంతు. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది, సాక్ష్యం అంటే మావాళ్ళ లెక్కలో క్యాన్సర్ తగ్గాలి, యాక్సిడెంట్లోంచి బతికి బయటపడాలి, తాగుబోతు మారిపోవాలి. గేదె ఈనింది, కొడుక్కి జ్వరం తగ్గింది, అప్పు వడ్డీ కట్టగలిగాం, ఇవి చెప్పడానికి మైకు దాకా నడిచి ఎవరెళ్తారు?

ఆ తర్వాత ఇంకో తప్పు చేశాను, ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. వరసగా ఒక్కొక్కళ్ళూ ఒక్కో వచనం చదవాలి అని పెట్టాను. మూడో వచనం ఓ పెద్దమ్మ దగ్గరికి వచ్చింది, ఆవిడ బైబిలు పట్టుకుంది గానీ చూపు పేజీ మీద లేదు, ఆగింది, పక్కనున్న పిల్ల టక్కున అందుకుని చదివేసింది. ఎవరూ ఏమీ అనలేదు. పై రెండు బుధవారాలు ఆవిడ రాలేదు.

ఇంటికెళ్ళాను. నన్ను చూసి మంచం వాల్చింది, టీ పెట్టింది, దాని ఊసే ఎత్తలేదు, నేనే "తప్పయింది పెద్దమ్మా" అంటే అప్పుడంది, "నాకు చదువు లేదు బిడ్డా, కీర్తనలైతే మొత్తం వచ్చు" అని. అక్కడే రెండు పాడింది, చరణాలు కూడా ఎక్కడా తప్పలేదు. మన పాత కీర్తనల సంగతే అది కదా. పురుషోత్తమ చౌదరి గారు 1803లో పుట్టి 1890లో పోయారు, ఆయన మన రాగాల్లో తాళాల్లో కట్టి ఇచ్చిన పాటలు పుస్తకం తెరవడం రానివాళ్ళ నోళ్ళలో కూడా ఇన్నేళ్ళు నిలిచాయి. చదువు రాని సంఘానికి అప్పట్లో పుస్తకం అంటే అదే. నేనేమో వాళ్ళ చేతిలో బైబిలు పెట్టి పరీక్ష పెట్టాను!

మాది దోర్నకల్ డయాసిస్, అంటే అక్కడి బిషప్ గారి కింద ఉండే చర్చిల్లో మాదొకటి. అజరయ్య గారి పేరు వినని ఇల్లు మా వైపు ఉండదనుకుంటా, తమిళనాడు నుంచి 1909లో మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో మొట్టమొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయిన మనిషి. దోర్నకల్‌లో కెథడ్రల్ చూడ్డానికి ఇప్పటికీ జనం వెళ్తారు, గుడిలాగా మసీదులాగా చర్చిలాగా మూడూ కలిసిన కట్టడం, 1939లో ప్రతిష్ఠ చేశారు. నాకు మాత్రం కట్టడం కన్నా ఆయన చేయించిన ఇంకో పని ఇష్టం. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ చేత తమ చెయ్యి తమ తల మీదే పెట్టించి "నేను సువార్తను ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ" అనే పౌలు మాట చెప్పించేవారట. వాళ్ళలో ఎక్కువమంది కూలీలు, చదువు లేనివాళ్ళు. ఏడాదికోసారి సాక్ష్యపు వారం అని పెట్టి మామూలు సంఘస్తుల్నే చుట్టుపక్కల ఊళ్ళకి పంపేవారు. అంత పని ఆ తాతలు చేశారు, వాళ్ళ మనవళ్ళం మేము బుధవారం ఫ్యాను చప్పుడు వింటూ కూర్చున్నాం.

సరే, ఆ పెద్దమ్మ ఇంట్లోనే తర్వాతి బుధవారం ప్రార్థన పెట్టాం, కాటేజ్ మీటింగ్ లాగా. మైకు లేదు, కుర్చీల్లేవు, అయ్యగారు కూడా చాప మీదే (మోకాళ్ళ నొప్పులని కాస్త గొణిగారు). కీర్తన పెద్దమ్మ ఎత్తుకుంది. "సాక్ష్యం" అనే మాట నేను వాడలేదు, "ఈ వారం ఎవరింట్లో ఎవరికి బాగోలేదు?" అని అడిగానంతే. ఒకాయన యూరియా కోసం రెండు రోజులు లైన్లో నిలబడ్డ సంగతి మొదలుపెట్టాడు, ఇంకొకామె కూతురి కాన్పు, అక్కణ్ణుంచి ఆగలేదు, ఏడున్నరకి అవ్వాల్సింది తొమ్మిది దాటింది. అయ్యగారికి ప్రతి మాటకీ ఓ చిన్న ప్రసంగం చెప్పే అలవాటు ఉంది, అది మాన్పించడానికి నాకు నెల పట్టింది, ఆయన భార్య, మా అమ్మగారి సాయం లేకపోతే అదీ అయ్యేది కాదు.

అంతా బాగుందనుకుంటుండగా ఓ దెబ్బ తగిలింది. ఒకామె తన కూతురి కాపురం గురించి ఏడ్చి ప్రార్థన మనవి చెప్పుకుంది, రెండో రోజుకల్లా అది బోరింగు దగ్గర ముచ్చటైపోయింది. ఎవరు మోశారో నాకు తెలుసు, వాళ్ళకి తెలుసని నాకూ తెలుసు. ఆమె రావడం మానేసింది. వెళ్ళి కూర్చున్నాను, ఈసారి టీ కూడా ఇవ్వలేదు, న్యాయమే. ఆ తర్వాత మీటింగులో మోసినామె ఉండగానే చెప్పాను, చాప మీద మాట చాప మీదే ఉండాలి, లేదంటే ఇక ఎవ్వరం పెదవి విప్పం అని. కొంచెం గట్టిగానే అన్నాను, ఒకళ్ళిద్దరికి కోపం వచ్చింది.

ఇప్పుడు ఇరవై అయిదు, ముప్పై మంది వస్తున్నారు. కుర్రాళ్ళు మాత్రం ఇంకా లేరు, హైదరాబాదులో ఉద్యోగాలు, క్రిస్మస్ క్యారల్స్‌కి గిటారు పట్టుకుని దిగుతారు, డ్రమ్స్ ఎవరు వాయించాలని కొట్టుకుంటారు, జనవరి రెండుకి మళ్ళీ బస్సెక్కుతారు. వాళ్ళ సంగతి నాకింకా తట్టలేదు. కాపురం గొడవ చెప్పుకున్న ఆమె పోయిన వారం వచ్చింది, గుమ్మం దగ్గరే కూర్చుంది, ఏమీ మాట్లాడలేదు, నేనూ అడగలేదు. వెళ్ళేటప్పుడు చాప మాత్రం తనే చుట్టి పెట్టింది.