రైల్లో పోయిన సంచికి జవాబుదారీ ఎవరు?

ఇటీవల విశాఖపట్నం వెళ్తుండగా, స్లీపర్ బోగీలో నా ఎదుటి బెర్తు పెద్దాయన సంచి తెల్లవారేసరికి కనిపించలేదు. సీటు కింద గొలుసు కట్టుకునే ఇనుప కొక్కెం ఖాళీగా ఉంది. రైల్వేవాళ్లే నష్టం కట్టివ్వాలని బోగీలో సగం మంది వాదిస్తుంటే, చట్టం అంత ఉదారంగా లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. 1989 నాటి రైల్వే చట్టం 100వ సెక్షన్ ప్రకారం, మన వెంట ఉంచుకున్న సామాను పోతే, రైల్వే ఉద్యోగుల నిర్లక్ష్యమో దుష్ప్రవర్తనో అందుకు కారణమని రుజువు చేస్తే తప్ప పరిహారం రాదు. నడుముకు కట్టుకున్న లక్ష రూపాయలు రైల్లో పోగొట్టుకున్న ఒక వ్యాపారి కేసులో, అది సేవాలోపం కాదని సుప్రీంకోర్టు 2023లో తేల్చింది. అయితే ఫిర్యాదు కోసం ప్రయాణం ఆపుకోనక్కరలేదు. టీటీఈ దగ్గరే ఎఫ్ఐఆర్ ఫారం తీసుకుని నింపి ఇవ్వవచ్చు, పెద్దాయన చేత అదే చేయించాం.

ప్రాణం విషయంలో మాత్రం ఇదే చట్టం మరోలా మాట్లాడుతుంది. టికెట్ కొన్న ప్రయాణికుడు బండిలోంచి ప్రమాదవశాత్తు జారిపడి మరణిస్తే, రైల్వే తప్పు ఉన్నా లేకున్నా, 124ఏ సెక్షన్ కింద కుటుంబానికి 8 లక్షల రూపాయలు చెల్లించాలి. ఆత్మహత్య, మద్యం మత్తు వంటి మినహాయింపులు ఉన్నాయి. మృతుని వద్ద టికెట్ దొరకలేదన్న ఒక్క కారణంతో క్లెయిము తోసిపుచ్చరాదని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. దరఖాస్తు మాత్రం ఏడాదిలోపే రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో వేయాలి.