చెరకు తోటల మీదుగా పగడాల దీవికి

అనకాపల్లి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు మెల్‌బోర్న్ జులై చలి అస్సలు పడలేదు. పిల్లలకు సెలవులు కూడా కలిసిరావడంతో అందరం ఆస్ట్రేలియా ఈశాన్య తీరంలోని కెయిర్న్స్ బయల్దేరాం. విమానంలో మూడున్నర గంటలు. దిగగానే నాన్న స్వెటర్ విప్పేసి, "ఇది మన మాఘమాసంలా ఉందిరా" అన్నారు.

కెయిర్న్స్ ఊరు సముద్రాన్ని ఆనుకునే ఉన్నా ఊళ్లో స్నానానికి దిగే బీచ్ లేదు. ఆటు సమయంలో చూస్తే కనుచూపు మేరా బురదే. మొసళ్లున్నాయని ఒడ్డున హెచ్చరిక బోర్డులు. అందుకే 2003లో ఎస్ప్లనేడ్ అనే తీరపు రోడ్డు మీద పెద్ద ఉప్పునీటి కొలను కట్టారు. టికెట్ లేదు. పిల్లలు సాయంత్రాలు అక్కడి నుంచి కదల్లేదు. అమ్మకు మాత్రం వారాంతాల్లో నడిచే రస్టీస్ మార్కెట్ నచ్చింది. పనస, బొప్పాయి, సీతాఫలం జాతి పండు ఒకటి... మెల్‌బోర్న్‌లో దొరకని వాసనలు. అపార్ట్‌మెంట్‌లో వంటగది ఉన్నది తీసుకోవడం మంచిదైంది, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు నేను మొదట చెప్పేది అదే.

ఊరు దాటి దక్షిణంగా గోర్డన్‌వేల్ వైపు వెళ్తే రోడ్డుకి రెండు పక్కలా చెరకే. మా నాన్న జీవితమంతా చెరకు రైతు. కారు ఆపమన్నారు. అదే సమయానికి సన్నటి పట్టాల మీద చెరకు ముక్కలు నింపుకున్న చిన్న రైలొకటి రోడ్డు దాటుతోంది. పిల్లలు ఆ బళ్లను చూస్తే, నాన్న చేను చూశారు. మెషిన్ కోసేసిన చేలో ఎండాకు అంతా దుప్పటిలా నేల మీదే పరిచి ఉంది, తగలబెట్టలేదు. దాని కిందనుంచి కార్శి మొలకలు, అంటే కోసిన మోళ్ల నుంచి వచ్చే రెండో పంట, లేస్తున్నాయి. "వానకి మట్టి కొట్టుకుపోదు, కలుపూ రాదు" అని ఆయనే అర్థం చెప్పారు.

ఈ చెరకుకి చరిత్ర కూడా ఉంది. 1935లో చెరకుని తినే పెంకు పురుగుల్ని తింటాయని హవాయి నుంచి విషపు కప్పలు తెచ్చి గోర్డన్‌వేల్ దగ్గరే వదిలారు. అవి పురుగుల సంగతి చూడలేదు గానీ ఉత్తర, తూర్పు ఆస్ట్రేలియాలో పాకుతూ, వాటిని తిన్న జంతువుల్ని విషంతో చంపుతున్నాయి. అంతకు ముందు, 1863 నుంచి 1904 దాకా, పసిఫిక్ దీవుల నుంచి అరవై వేల మందికి పైగా కూలీలను ఈ క్వీన్స్‌లాండ్ రాష్ట్రానికి తెచ్చారు. వాళ్లలో ఎంతోమందిని మోసంతోనో బలవంతంగానో ఓడెక్కించారు. మన ఉత్తరాంధ్ర నుంచి ఫిజీ చెరకు తోటలకు వెళ్లిన గిర్మిట్ (ఒప్పందపు) కూలీలు గుర్తొచ్చి నాన్న చాలాసేపు ఆ మాటలే మాట్లాడారు.

మర్నాడు గ్రీన్ ఐలాండ్ అనే పగడాల దీవికి. పడవలో ముప్పావుగంట. జులైలో ఆగ్నేయపు గాలి గట్టిగా వీస్తుంది, పడవ బాగా ఊగింది. వాంతుల మాత్ర ఎక్కకముందే వేసుకోవాలి. ఈత రాని అమ్మానాన్నలు అడుగున అద్దమున్న పడవలో కూర్చునే పగడాలు చూశారు. పచ్చగా, గోధుమ రంగులో, అక్కడక్కడా ఊదాగా. ఒక తాబేలు అద్దం కిందనుంచి నింపాదిగా వెళ్తే అమ్మ చేతులు జోడించింది. నేనూ పాపా స్నార్కెల్ పెట్టుకుని నీళ్లలో దిగాం. చిలకచేపలు పగడాన్ని కొరికే చప్పుడు చెవికి వినపడింది! ఆ ఆనందాన్ని మాటల్లో పెట్టలేను.

గ్రేట్ బారియర్ రీఫ్ అనే రెండు వేల మూడొందల కిలోమీటర్ల ఈ పగడపు దిబ్బలకు పెద్ద ముప్పు సముద్రం వేడెక్కడమేనని పడవలో గైడ్ చెప్పాడు. 2016 నుంచి 2024 లోపే అయిదుసార్లు పగడాలు పెద్ద ఎత్తున తెల్లబారాయి. రెండో ముప్పు తీరం నుంచే. పొలాల్లో వేసిన ఎరువు, మట్టి నదుల్లో కలిసి ఇక్కడికొస్తాయి. ఆ ఎరువుతో నీళ్లలో కంటికి కనపడనంత సన్నటి నాచు పెరుగుతుంది. పగడాన్ని తినే ముళ్ల నక్షత్రచేప పిల్లలకు ఆ నాచే మేత. నేను తెలుగులో చెప్తుంటే నాన్న, "అంటే నిన్న మనం చూసిన చేలదా?" అన్నారు. అవునన్నాను. "మరి మన యూరియా ఎక్కడికి పోతోందో" అని సముద్రం వైపు తిరిగారు.

తర్వాత ఉత్తరాన డెయిన్‌ట్రీ వాన అడవికి వెళ్లాం. ఇనుప తాళ్ల ఆధారంగా నడిచే ఫెర్రీ మీద కారుతో సహా నది దాటాలి. అవతల వాన అడవి నేరుగా సముద్రంలోకి దిగినట్టుంటుంది. ప్రపంచ వారసత్వ ప్రాంతాలు రెండు, 1981లో గుర్తించిన పగడాలు, 1988లో గుర్తించిన అడవి, పక్కపక్కనే. ఎగరలేని పెద్ద పక్షి కాసోవరీ కనపడలేదని పిల్లలు అలిగారు. మాస్‌మన్ గోర్జ్ లోయలో అక్కడి ఆదివాసులైన కుకు యలంజి జాతి మనిషి వాళ్ల ఆచారం ప్రకారం పొగ వేసి మమ్మల్ని లోపలికి ఆహ్వానించాడు. డెయిన్‌ట్రీ జాతీయ వనాన్ని 2021లో ఆ జాతివాళ్లకే తిరిగి ఇచ్చారు. ఎప్పుడో జరగాల్సిన న్యాయం.

ఆ రాత్రి నాన్న మా చిన్నాన్నకి వీడియో కాల్ చేశారు. "ఒరేయ్, ఈసారి కార్శి తోటలో చెత్త తగలబెట్టకు, పరిచెయ్యి." చిన్నాన్న ఒప్పుకోలేదు. "చెత్త అడ్డొస్తే నీళ్లెలా పారతాయి అన్నయ్యా?"

"సాలు విడిచి సాలు పరిచి చూడు. ఒక్క మడిలో చూడు ముందు."