ఫుల్ థ్రాటిల్‌లో నీరసపడే పాత జెట్ స్కీ: పెట్రోల్ ఎక్కడ ఆగుతోంది?

మార్చి చివర

బండి 1996 మోడల్ జెట్ స్కీ, నీళ్ల మీద నడిపే స్కూటర్ లాంటిది. టూ-స్ట్రోక్, రెండు సిలిండర్లు, రెండు మికుని కంపెనీ కార్బ్యురేటర్లు (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి ఇచ్చేవి, పొట్టిగా కార్బ్). డాలస్ పక్కన లూయిస్‌విల్ లేక్‌లో దింపగానే స్టార్ట్ అయింది, ఐడిల్ బాగుంది, సగం థ్రాటిల్ దాకా ఏ పేచీ లేదు. పూర్తిగా నొక్కితే మాత్రం కొన్ని సెకన్లు దూసుకెళ్లి, గొంతు పట్టేసినట్టు నీరసపడుతోంది. కాసేపు నెమ్మదిగా పోతే మళ్లీ కోలుకుంటోంది. కార్బ్‌లో ఉన్న కాస్త పెట్రోల్ అయిపోయి, వెనక నుంచి అంత వేగంగా రాకపోతే సరిగ్గా ఇలాగే ఉంటుంది.

నీళ్ల మీద ఉండగానే చోక్ టెస్ట్ చేశాను. చోక్ లాగితే గాలి తగ్గి పెట్రోల్ పాలు పెరుగుతుంది. నీరసపడే క్షణంలో దాన్ని కొద్దిగా లాగాలి. ఇంజిన్ పుంజుకుంటే పెట్రోల్ చాలడం లేదని, ఇంకా కుంగితే ఎక్కువవుతోందని అర్థం. నాది పుంజుకుంది. ఇక ఆ రోజు ఫుల్ థ్రాటిల్ ముట్టుకోలేదు. టూ-స్ట్రోక్‌లో పెట్రోల్ తగ్గితే సిలిండర్‌లో వేడి పెరిగి, పిస్టన్ కరిగి పట్టేస్తుంది. ఆ రిపేరు ఖర్చుతో ఇంకో పాత బండి వస్తుంది.

బావకి ఫోన్ చేస్తే మొదట అడిగింది, "ట్యాంకు మూత తీసి చూశావా?" అని. మంచి ప్రశ్నే. ట్యాంకులోకి గాలి పోయే వెంట్ పైపులోని వన్-వే వాల్వ్ మూసుకుపోతే, పెట్రోల్ తగ్గేకొద్దీ ట్యాంకులో వాక్యూమ్ ఏర్పడి కార్బ్‌లోని పంపు లాగలేకపోతుంది. మూత తిప్పగానే లోపలికి గాలి 'స్స్' మని పీలిస్తే దొంగ దొరికినట్టే. నాకు ఆ చప్పుడు రాలేదు. వెంట్‌కి చేతి పంపు పెట్టి కొడితే గాలి సాఫీగా ట్యాంకులోకి వెళ్లింది. సరే, వెంట్ తప్పు కాదు.

ఏప్రిల్

లోడ్ లేకుండా ఈ జబ్బు బయటపడదు కాబట్టి ట్రెయిలర్ మీద ఎంత నడిపినా ఇంజిన్ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ పెట్రోల్ పైపుల్లోకి గాలి చొరబడుతుంటే అక్కడే తెలిసిపోతుంది. పెట్రోల్ సెలెక్టర్ వాల్వ్ (ట్యాంకు నుంచి పెట్రోల్‌ని వదిలే, ఆపే మీట) దాటాక ఉండే పైపు తీసేసి, దాని బదులు పారదర్శకంగా ఉండే ట్యూబ్ ముక్క తాత్కాలికంగా పెట్టాను. సీటు తీసి ఆవిరి పోనిచ్చాక స్టార్ట్ చేశాను. ఇంజిన్ చల్లబడటానికి తోట పైపుతో నీళ్లు ఇచ్చేటప్పుడు వరస ముఖ్యం: ముందు ఇంజిన్, తర్వాత నీళ్లు, ఆపేటప్పుడు ముందు నీళ్లు, తర్వాత ఇంజిన్. వరస తప్పితే నీళ్లు ఎగ్జాస్ట్ గుండా సిలిండర్లలోకి పోతాయి.

ట్యూబ్‌లో పెట్రోల్‌తో పాటు సన్నటి బుడగలు వరసగా పరుగెత్తుతున్నాయి. వాల్వ్‌ని వదిలేసి ట్యాంకు పైపుని నేరుగా కలిపితే ఆగిపోయాయి. అంటే వాల్వ్ సీలు గాలి పీలుస్తోంది. ఇది పంపు లాగే వైపు కాబట్టి బయటికి చుక్క కారదు, వాసన కూడా పెద్దగా రాదు. అందుకే చూపుకి అంతా పొడిగా, బాగున్నట్టే ఉంటుంది. కొత్త వాల్వ్ వేశాను, పక్కనే ఉన్న వాటర్ సెపరేటర్ (పెట్రోల్‌లోంచి నీళ్లు వేరుచేసేది) ఓ-రింగ్, అంటే రబ్బరు సీలు కూడా మార్చాను.

లేక్‌లో తేడా కనిపించింది గానీ పూర్తిగా పోలేదు. స్పార్క్ ప్లగ్గులు విప్పి చూస్తే ఒకటి గోధుమ రంగులో ఉంది, రెండోది తెల్లగా పాలిపోయింది. ఒక సిలిండర్‌కి ఇంకా చాలడం లేదన్నమాట.

ఆ కాలపు బూడిద రంగు పెట్రోల్ పైపుల గురించి ఇలాంటి బండ్లు ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఏళ్ల తరబడి పెట్రోల్ తగిలి లోపలి పొర కరిగి, ఆకుపచ్చటి బంకగా మారుతుంది. ఒక ముక్క నిలువునా కోశాను. గోడ పొడవునా జిగురు, వేలితో రుద్దితే సాగుతోంది. కార్బ్ విప్పితే లోపల వేలిగోరంత జల్లెడ ఉంటుంది, పాలిపోయిన సిలిండర్ వైపు జల్లెడలో సగానికి పైగా అదే బంక. బయటి ఫిల్టర్ దాటి వచ్చిన చెత్త అంతా ఆగేది ఇక్కడే.

నా మటుకు వరస ఇదే: ముందు పైపులు, తర్వాత కార్బ్. పైపులు ఉంచేసి కార్బ్ ఒక్కటే శుభ్రం చేస్తే ఆ జల్లెడ మళ్లీ నిండడం ఖాయం. సప్లై, రిటర్న్ పైపులు పావు అంగుళం నల్ల ఫ్యూయల్ హోస్‌తో మార్చాను, ఇథనాల్ తట్టుకునే రకం. ట్యాంకు నుంచి వచ్చేవి ఇరుకులో ఉంటాయి, చెయ్యి తిరగదు, ఓపిక కావాలి. ఇంజిన్ క్రాంక్‌కేస్ నుంచి కార్బ్ పంపుకి వెళ్లే పల్స్ పైపు కూడా కొత్తదే వేశాను. ఆ పైపులో వచ్చే ఒత్తిడి హెచ్చుతగ్గులతోనే పంపు ఆడుతుంది, అది పగిలితే మిగతావన్నీ బాగున్నా లాభం లేదు.

మే

కార్బ్‌లకి ఒరిజినల్ కిట్ వేశాను: డయాఫ్రమ్‌లు (పంపులో ఆడే పల్చటి పొరలు), నీడిల్ (పెట్రోల్‌ని ఆపి వదిలే సూది), అది కూర్చునే సీట్, గాస్కెట్లు. పెట్రోల్ పాళ్లు సర్దే స్క్రూలు విప్పే ముందు ఒక్కోటి పూర్తిగా మూసుకోవడానికి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి కాగితం మీద రాసుకుంటే, బిగించేటప్పుడు తలనొప్పి ఉండదు. నీడిల్ సీటు మీద సరిగ్గా కూర్చుందో లేదో చూడటానికి ఇన్‌లెట్‌కి గేజ్ ఉన్న పంపు పెట్టి 10 పీఎస్ఐ ఒత్తిడి ఇచ్చాను. రెండు కార్బ్‌లూ జారకుండా పట్టుకున్నాయి. రెండు థ్రాటిల్ ప్లేట్లు ఒకేసారి తెరుచుకునేలా కూడా సరిచేశాను.

ఇప్పుడు లేక్ ఈ చివర నుంచి ఆ చివరకు ఫుల్ థ్రాటిల్‌లో పోయినా తగ్గడం లేదు. చోక్ లాగితే పుంజుకోవడం పోయి కుంగుతోంది, ప్లగ్గులు రెండూ ఒకే రంగులో ఉన్నాయి. ఇంక మిగిలింది ఆయిల్ ఇంజెక్షన్, అంటే ఇంజిన్‌కి ఆయిల్ అందించే సన్న పైపులు. అవీ ఆ కాలం నాటివే, వంచితే విరిగేంత గట్టిపడ్డాయి. అవి మార్చి, గాలి బుడగలు తీసేదాకా ట్యాంకులో పెట్రోల్‌తో పాటు కాస్త టూ-స్ట్రోక్ ఆయిల్ కూడా కలిపి నడుపుతున్నాను.