సొలిసిటర్ ఫీజు దండగన్నది నేనే

లండన్ శివార్లలో ఫ్లాట్ నచ్చింది, ఆఫర్ ఒప్పుకున్నారు. సొలిసిటర్‌కి (ఇళ్ల కొనుగోలు పనులు చూసే లాయరు) అన్ని పౌండ్లు పోయాలా, కాగితాలు మనమే చూసుకుంటే పోలా అన్నాను మా ఆవిడతో. ఊళ్లో ఈసీ, లింక్ డాక్యుమెంట్లు తిరగేసిన ధైర్యం మరి! ఆవిడ వినలేదు.

లీజు 78 ఏళ్లే మిగిలిందని సొలిసిటరే పట్టుకుంది. ఇక్కడ చాలా ఫ్లాట్లకి నేల మనది కాదు, లీజే. అది 80 ఏళ్ల లోపుకి పడిపోతే పొడిగించుకోవడానికి ఖర్చు బాగా పెరుగుతుంది. ఏజెంట్ ఆ ముక్కే ఎత్తలేదు. అదృష్టం, ఇంగ్లండ్‌లో కాంట్రాక్టులు ఎక్స్ఛేంజ్ అయ్యేదాకా, అంటే సంతకాలు చేసిన కాగితాలు ఇరువైపులా మార్చుకునేదాకా, వెనక్కి తగ్గొచ్చు. లీజు సంగతి సొలిసిటర్ రాయగానే, అమ్మేవాళ్లే లీజు పొడిగించి ఇస్తామన్నారు.

ఫీజు బిల్లు నిన్న వచ్చింది. మా ఆవిడ దాన్ని ఫ్రిజ్‌కి అంటించింది, సరిగ్గా నా కళ్ల ఎత్తులో.