గండి మీదుగా ఒంటిమిట్టకు

ఒంటిమిట్ట కల్యాణానికి పోదామని అడిగింది మా ఆయనే. ఇంట్లో బోరు గొడవ ముదిరి, ఇద్దరం అవసరానికి తప్ప మాట్లాడుకోని రోజులవి. పులివెందుల దగ్గర పల్లె మాది. ఉన్న భూమంతా చీనీ (బత్తాయి) తోట. ఎండలు ముదిరేసరికి ఉన్న బోరు అరగంట పోసి ఆగిపోవడం మొదలుపెట్టింది. ఆకు ముడుచుకుంటోంది, పిందె రాలుతోంది. చీనీ చెట్టు ఒక్క ఎండాకాలం దెబ్బతిని పోయిందంటే, మళ్లీ మొక్క పెట్టి కాపు చూడటానికి నాలుగైదేళ్లు పడుతుంది. కాబట్టి ఇంకో బోరు వేయాలన్నది ఆయన మాట. దానికి నా గాజులు బ్యాంకులో పెట్టాలి.

బోరు సంగతి మా సీమ వాళ్లకు చెప్పక్కర్లేదు. మిగతా వాళ్ల కోసం చెబుతాను. అడుగుకు ఇంత అని రేటు ఉంటుంది. లోతుకు పోయేకొద్దీ ఆ రేటు పెరుగుతుంది. కేసింగ్ పైపుల లెక్క వేరే. నీళ్లు పడినా పడకపోయినా బండి వాళ్ల డబ్బు వాళ్లకు ఇచ్చి పంపాల్సిందే. మా చుట్టుపక్కల 1000 అడుగులు దించినా పొడి దుమ్ము తప్ప ఏమీ రాని బోర్లు ఉన్నాయి, వాటి మూతి మీద బండరాయి పెట్టి వదిలేసిన చేలూ ఉన్నాయి. నేను బడిలో పంతులమ్మను. నెలనెలా వచ్చే జీతంతో లెక్కలు రాసి ఇల్లు నడిపేదాన్ని. ఆయన పొద్దున ఒక మాట అనుకుని సాయంత్రానికి ఆ పని చేసేసి వచ్చే మనిషి. అడిగితే బదులు చెప్పడు. చెప్పులు తొడుక్కుని తోటలోకి వెళ్లిపోతాడు.

అట్లాంటి మనిషి “పున్నానికి ఒంటిమిట్టకు పోదాం మే. దోవలో గండి కూడా చూసుకుందాం” అన్నాడు. నేను కాదనలేదు.

తెల్లారే బస్సు పట్టుకుని వేంపల్లెలో దిగి, అక్కడి నుంచి ఆటోలో గండికి పోయాం. శేషాచలం కొండలను రెండుగా చీల్చుకుని పాపాఘ్ని ఏరు బయటికి వచ్చే చోటు అది. చైత్రంలో ఏట్లో ఇసుకే ఎక్కువ. అక్కడక్కడ మడుగులు, వాటి చుట్టూ పశువుల కాళ్ల గుర్తులు. రెండు పక్కలా కొండలు నిట్టనిలువుగా లేచి ఉంటాయి. శ్రావణ శనివారాల్లో అయితే కాలు పెట్టే చోటు ఉండదు. ఆ పూట మాత్రం జనం పలచగా ఉన్నారు.

గండి స్థలపురాణం చిన్నప్పటి నుంచి విన్నదే. రాముడు లంక నుంచి తిరిగొచ్చేటప్పుడు వాయుదేవుడు ఈ రెండు కొండల మధ్యా బంగారు తోరణం కట్టి స్వాగతం చెప్పాడట. రాముడు ఇక్కడ కాసేపు ఆగి, ఆంజనేయుణ్ని తలుచుకుంటూ బాణం ములుకుతో బండమీద ఆయన రూపం గీశాడట. అయోధ్యకు వేళ మించిపోతోందని ఎడమచేతి చిటికెన వేలు గీయకుండానే లేచి వెళ్లిపోయాడంటారు. ఎంతో కాలం తర్వాత మధ్వ పీఠాధిపతి వ్యాసరాయలవారు వచ్చి, ఆ గీతల్ని ఉలితో చెక్కి విగ్రహంగా తీర్చి, మిగిలిపోయిన ఆ వేలు కూడా చెక్కబోతే అక్కడి నుంచి నెత్తురు కారిందట. వ్యాసరాయలవారు ఆ వేలిని అట్లాగే వదిలేశారని చెప్పుకుంటారు.

గర్భగుడి ముందు నిలబడి ఆ చేతి వైపే చూశాను. సిందూరం, తమలపాకుల దండ, పూలు. వాటి మధ్య వేలు ఆనవాలు నాకు దొరకలేదు. పూజారి హారతి ఇస్తుంటే కళ్లకు అద్దుకుని పక్కకు జరిగాను గానీ, మనసు అక్కడే ఉండిపోయింది. గీసింది సాక్షాత్తూ రాముడు. ఆయనకు ఒక వేలు గీయడం చేతగాక కాదు గదా. ఆ కొరత ఉన్న రూపానికే ఇన్నేళ్లుగా అభిషేకాలు చేస్తున్నాం, మొక్కులు మొక్కుతున్నాం. భక్తితో చేయబోయిన దిద్దుబాటుకే నెత్తురు వచ్చిందంటే, నా బోటిది ఇంట్లో పొద్దున లేచింది మొదలు ఉలి పట్టుకుని కూర్చుంటే ఏమవుతుంది? మొగుడూ పెళ్లాల్లో ఒకరిలో ఒకరికి కనపడే కొరతలు చాలా వరకు ఇట్లాంటివే అనిపించింది. చెప్పకుండా పనులు చేయడం, అడిగిన దానికి బదులివ్వకపోవడం, అన్నదమ్ముల పిల్లలు చేయి చాపితే లెక్క చూడకుండా ఇచ్చేయడం. ఈయన్ని గీసిన చెయ్యి వేరే. మిగిలింది ఆ గీసినవాడే చూసుకుంటాడు అనుకోవడానికి నాకు ఇంతకంటే మంచి చోటు దొరకదు.

ఒక మాట మాత్రం ఇక్కడే చెప్పాలి. తాగొచ్చి కొట్టేవాణ్ని, ఆడదాని ఒంటిమీదా బతుకుమీదా చెయ్యి వేసేవాణ్ని “దేవుడే మారుస్తాడులే” అని భరించమని నేను చెప్పడం లేదు. నా దగ్గర చదివే పిల్లల తల్లుల్లో అట్లా భరించి భరించి శుష్కించిపోయిన వాళ్లను చూశాను. అది దేవుడి మీద నమ్మకం కాదు, దిక్కులేనితనం. అట్లాంటి ఇంట్లో నుంచి బయటికి రావాలి, పుట్టింటికో పోలీసులకో చెప్పాలి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలి. నేను మాట్లాడేది మంచివాళ్లయిన ఇద్దరు మనుషులు ఒకే ఇంట్లో రోజూ రాపాడే సంగతి గురించి. పెద్ద కష్టం వచ్చినప్పుడు భారం దేవుడి మీద వేయడం మనందరికీ అలవాటే, అప్పుడు వేరే దారి ఉండదు కాబట్టి. మోటారు స్విచ్చి ఎవరు వేయాలి, చీటీ డబ్బు దేనికి వాడాలి అన్నచోట వేయడమే కష్టం. అక్కడ మన చేతిలో ఇంకా ఏదో ఉన్నట్టు అనిపిస్తుంది.

మధ్యాహ్నానికి కడప చేరాం. ఎండ నిప్పులు కక్కుతోంది. బస్టాండు దగ్గర భోంచేసి, కల్యాణానికి వేసిన ప్రత్యేక బస్సు ఎక్కాం. ఒంటిమిట్ట కడప నుంచి రాజంపేట, తిరుపతి వైపు పోయే రోడ్డు మీదే ఉంటుంది. బస్సు నిండా పెళ్లికి పోయే చుట్టాల్లాగే ఉన్నారు జనం. చంటిపిల్లల తల్లులు, పట్టుచీరల్లో ముసలమ్మలు, ఒడిలో టెంకాయల సంచులు.

కోదండరాముడి గుడి తూర్పు గోపురం ముందు ఎవరికైనా తల దానంతటదే పైకి లేస్తుంది. 1652లో ఈ దారిన పోయిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ ఈ గుడిని మెచ్చుకుంటూ రాసుకున్నాడు. లోపల సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే రాతిలో ఉంటారు. అందుకే ఏకశిలానగరం అన్న పేరు. గర్భగుడిలో ఆంజనేయుడు ఉండడు. హనుమంతుణ్ని కలవక ముందే రాముడు ఇక్కడికి వచ్చాడని అంటారు. పొద్దున రాముడు గీసిన హనుమంతుణ్ని చూసి, సాయంత్రం హనుమంతుడు లేని రాముణ్ని చూడటం మాకు అనుకోకుండా కుదిరింది.

ఈ గుడికి పూర్వవైభవం తెచ్చినవారు వావిలికొలను సుబ్బారావు గారు (1863-1936). మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడిగా చేసిన మనిషి, టెంకాయ చిప్ప చేతబట్టుకుని ఊరూరా తిరిగి రాముడి కోసం బిచ్చమెత్తారు. ఆ చిప్పలో ఎంత పడినా గుడికే ఇచ్చారు. తన రేపటి కోసం ఒక రూపాయి దాచుకోలేదంటారు. ఆయన కథ మా ఆయనకు బాగా తెలుసు. మండపంలో కూర్చోబెట్టి నాకు అంతా చెప్పాడు. ఆయన అంతసేపు మాట్లాడి చాలా రోజులైంది. మధ్యలో అడ్డం రాకుండా విన్నాను.

గుళ్లో పోతన విగ్రహం ఉంది. మా కడప వాళ్లకు పోతన ఇక్కడివాడే, ఆ విషయంలో మేం ఎవరి మాటా వినం. ఆయన ముందు నిలబడితే గజేంద్రుడు గుర్తుకు రాకుండా ఉండడు. ఏళ్ల తరబడి మొసలితో తన బలం మీదే పోరాడినన్నాళ్లూ ఎవరూ రాలేదు. నా వల్ల కాదు, నువ్వే దిక్కు అన్న తర్వాతే స్వామి కదిలాడు. ఇంటి నుంచి బయలుదేరినప్పుడు నీళ్లు పడాలని మొక్కుకుందామనుకున్నాను. ఆ మూడు మూర్తుల ముందుకు వచ్చేసరికి నోట్లోంచి ఇంకో మాట వచ్చింది. “ఈయన్ని నీకు అప్పజెప్పినా స్వామీ. నన్ను కూడా. నాకు తెలిసింది నేను చెబుతా. ఆపైన నువ్వు చూసుకో.” అంతే. గాజుల మాట, బోరు మాట ఎత్తలేదు. వెనక నుంచి జనం తోస్తుంటే బయటికి వచ్చేశాం.

కల్యాణ వేదిక గుడికి కొంచెం ఎడంగా ఉంటుంది. భద్రాచలంలో పెళ్లి నవమి నాటి పట్టపగలు జరిగితే, ఇక్కడ పున్నమి వెన్నెల్లో రాత్రిపూట జరుగుతుంది. సీతారాముల పెళ్లి పగలు జరగడంతో తాను చూడలేకపోయానని చంద్రుడు బాధపడితే, నీకోసం ఇక్కడ రాత్రి చేసుకుంటానని రాముడు మాట ఇచ్చాడని కథ. రాష్ట్రం విడిపోయాక, 2015 నుంచి ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు ఇక్కడికే వస్తున్నాయి. గుడి కూడా ఆ ఏడే టీటీడీ చేతికి వచ్చింది. ఇప్పుడు ఏర్పాట్లకు లోటు లేదు. శ్రీవారి సేవకులు వరుసల మధ్య తిరుగుతూ మజ్జిగ, నీళ్లు ఇస్తూనే ఉన్నారు.

మేం బాగా వెనక కూర్చున్నాం. వేదిక మీద ఏం జరుగుతుందో పెద్ద తెర మీదే కనపడుతుంది. ప్రవర చదువుతున్నారు. పక్కకు చూస్తే మా ఆయన మోకాళ్ల మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు. కరెంటు వచ్చే వేళలు చూసుకుని రాత్రిళ్లు తోటలో కాపలా ఉండే మనిషి, నిద్ర ఎక్కడ దొరికితే అక్కడ పోతాడు. చేతులు రెండూ మోకాళ్ల చుట్టూ వేసుకున్నాడు. కుడిచేతి బొటనవేలి గోరు చుట్టూ డ్రిప్పు పైపులు అతికించే జిగురు నల్లగా పట్టుకుని ఉంది. మడమలు పగిలి ఆ పగుళ్లలో ఎర్రమన్ను. స్నానం చేసి, తెల్ల పంచె కట్టుకుని వచ్చినా ఆ మన్ను పోలేదు.

ఇంత దూరం వచ్చి మాంగల్యధారణ చూడకపోతే ఎట్లా అని లేపడానికి భుజం దాకా చెయ్యి పోయింది. వెనక్కి తీసుకున్నాను. ఆయన్ని ఇక్కడికి రప్పించిన వాడికి ఎప్పుడు లేపాలో తెలియదా? నేను తెర వైపు తిరిగి పెళ్లి చూస్తూ కూర్చున్నాను. జీలకర్ర బెల్లం అయింది. మంగళసూత్రాలు ఎత్తి జనానికి చూపించారు. గట్టిమేళం ఒక్కసారిగా మోగింది, కూర్చున్న వాళ్లంతా లేచి గోవిందలు కొట్టారు. మా ఆయన ఉలిక్కిపడి లేచి, చేతులు రెండూ తల మీదికెత్తి దండం పెట్టాడు. కళ్ల నిండా నీళ్లు. పైన చంద్రుడు అప్పటికే బాగా ఎక్కి వచ్చాడు. “సరిగ్గా టైముకు లేపినావు మే” అన్నాడు. నేను లేపలేదని చెప్పాను.

తలంబ్రాల పొట్లాలు తీసుకుని, ప్రసాదం తిని, అర్ధరాత్రి దాటాక కడప బస్సు దొరికింది. బస్టాండులోనే కాసేపు నడుం వాల్చాం. తెల్లారాక ఒక చిన్న హోటల్లో ఎర్రకారం దోసెలు చెప్పాడు. పెనం మీద నుంచి దించగానే పప్పులపొడి చల్లి ఇచ్చారు. మొదటి దోసె అయ్యేదాకా ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత నేనే ఎత్తాను.

“గాజులు తీసుకో. పాయింటు నువ్వు అనుకున్న చోటే. నేను ఒక్కటే అడుగుతా. 700 అడుగుల దగ్గర ఆపేద్దాం.”

ఆయన చెయ్యి ఆగింది. బోరు బండి దగ్గర నిలబడిన రైతుకు అది ఎంత కష్టమో నాకు తెలుసు. ఇంకో రాడ్డు దించు, ఇంకొక్క రాడ్డు, ఇక్కడిదాకా వచ్చి ఆపితే ఎట్లా అనుకుంటూ అప్పుల్లోకి దిగిపోయిన వాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు.

“పొడి దుమ్ము వస్తా ఉంటే ఆపొచ్చు. తడి మన్ను వస్తా ఉంటే ఎట్ల ఆపేది?”

“తడి వచ్చినా 700. పడేదుంటే దేవుడు అంతలోపే వేస్తాడు. లేకపోతే ఎన్ని చెట్లు బతికించుకోగలిగితే అన్ని. ట్యాంకరు పెట్టుకుందాం.”

చాలాసేపు దోసె ముక్క కారంలో తిప్పుతూ కూర్చున్నాడు. “గురువారం బండి వస్తాది. బడికి సెలవు పెట్టు” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “ఆపమని నువ్వే చెప్పు మే వాళ్లకు. నాకు నోరు రాదు” అన్నాడు.

“నువ్వే చెప్పు. నేను నీ పక్కనే నిలబడి ఉంటా” అన్నాను. “టెంకాయ నేను తెస్తా” అని చెప్పి, ఆయనకు ఇంకో దోసె చెప్పాను.